అప్డేట్ చిరాకు తగ్గాలంటే: ఫోనూ కంప్యూటరూ మన టైముకి అప్డేట్ అయ్యేలా చూసుకోవడం ఎలా

"అన్నా, ఇది అప్డేట్ అడగతా ఉంది. నొక్కమంటావా, వద్దా?"

నెల్లూరులో ఫోన్లు, కంప్యూటర్లు కాస్త తెలిసినవాళ్లు ఎవరైనా రోజూ వినే ప్రశ్న ఇది. అడిగేవాళ్ల గొంతులో విసుగు ఉంటుంది, దాని వెనక భయం ఉంటుంది. నొక్కితే ఉన్నది ఎక్కడ పోతుందోనని భయం, నొక్కకపోతే ఏం ముంచుకొస్తుందోనని ఇంకో భయం.

ఆ విసుగు న్యాయమైనదే. డబ్బులు పోసి కొనుక్కున్న ఫోను మనల్ని అడక్కుండా రాత్రికి రాత్రి రూపం మార్చుకుంటే ఎవరికైనా మండుతుంది. కానీ ఆ కోపంతో అప్డేట్లన్నీ ఆపేస్తే నష్టపోయేది మనమే. చిక్కంతా ఎక్కడుందంటే, కంపెనీలు రెండు వేరు వేరు పనులను ఒకే మూటలో కట్టి పంపిస్తున్నాయి. ఒకటి రిపేరు, అంటే దొంగలు దూరే కంతలు పూడ్చడం. రెండోది సోకులు: కొత్త రంగులు, కొత్త బటన్లు, మనం అడగని ఫీచర్లు. రిపేరును వాయిదా వేయకూడదు. సోకులు నెల ఆగినా కొంప మునగదు. ఈ రెండిటినీ విడదీసి చూడటం వస్తే, అప్డేట్‌ను మనకు వీలైన టైముకు పెట్టుకోవడం వస్తే, సగం టెన్షన్ పోతుంది. అది ఎలాగో చెప్తాను.

1. నొక్కే ముందు, వచ్చిందేమిటో చదవండి

అప్డేట్ నోటిఫికేషన్ రాగానే కొట్టేయకండి, వెంటనే ఓకే కూడా అనకండి. తెరిచి రెండు విషయాలు చూడండి: పేరు, సైజు. 'సెక్యూరిటీ ప్యాచ్' లేదా 'సెక్యూరిటీ అప్డేట్' అని, పక్కన నెల పేరు ఉంటే అది రిపేరు. సాధారణంగా కొన్ని వందల ఎంబీలకు మించదు. అలా కాకుండా ఆండ్రాయిడ్ నంబరే మారుతోందని ఉండి, సైజు జీబీల్లో ఉంటే అది పెద్ద మార్పు. రిపేరు, సోకులు రెండూ కలిసి వస్తున్నాయన్నమాట.

గూగుల్ 2015 ఆగస్టు నుంచి ఆండ్రాయిడ్ రిపేర్ల వివరాలు నెలనెలా ప్రకటిస్తోంది. వాటిని ఒక్కో ఫోన్ కంపెనీ తన మోడళ్లకు తగ్గట్టు సరిచేసి పంపాలి. అందుకే పక్కింటివాళ్లకు వచ్చింది మీకు ఇంకా రాకపోవచ్చు. మీ ఫోనుకు చివరి రిపేరు ఎప్పుడు జరిగిందో తెలియాలంటే సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, దాంట్లో ఆండ్రాయిడ్ వెర్షన్ తెరవండి. సెక్యూరిటీ అప్డేట్ తేదీ అక్కడ ఉంటుంది. ఇప్పుడే ఒకసారి చూడండి. ఆ తేదీ ఏడాది వెనక ఉంటే ఈ వ్యాసంలో మిగతాదంతా మీకు గట్టిగా అవసరం.

నేను అందరికీ చెప్పే లెక్క ఇది. సెక్యూరిటీ ప్యాచ్ అయితే వారం లోపల వేసుకోండి. వెర్షన్ మారే పెద్ద అప్డేట్ అయితే రెండు మూడు వారాలు ఆగండి. ముందు వేసుకున్నవాళ్లకు ఏమైనా తేడా వస్తే ఈలోపు బయటపడుతుంది, కంపెనీ సరిచేస్తుంది.

ఎందుకు ఆగాలి, ఎందుకు ఆగకూడదు

ఆగమన్నందుకు కారణం ఉంది. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్డేట్ వేసుకున్న కొందరి కంప్యూటర్లలో సొంత ఫైళ్లే మాయమయ్యాయి. మైక్రోసాఫ్ట్ దాన్ని రోజుల వ్యవధిలోనే ఆపేసి, సరిచేసి నవంబరులో మళ్లీ వదిలింది. నాలుగు వారాలు ఆగినవాళ్లకు ఆ బాధే తెలియదు.

ఆగకూడదన్నందుకు కారణం ఇంకా పెద్దది. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడింది. కంప్యూటర్‌లో ఫైళ్లన్నీ తాళం వేసి, తెరవాలంటే బిట్‌కాయిన్లలో 300 డాలర్లు కట్టమంది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దెబ్బతిన్నాయి. ఆ వైరస్ దూరిన కంతకు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే రిపేరు ఇచ్చింది. అంటే దాదాపు రెండు నెలలు ముందే మందు చేతిలో ఉంది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు.

ఇక అప్డేట్ వల్లే కొంప మునిగిన రోజూ ఉంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన తప్పు అప్డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఒక్కసారిగా ఆగిపోయి నీలం తెర వేశాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ అప్డేట్‌ను ఆపుకునే అవకాశం కూడా వాడేవాళ్ల చేతిలో లేదు. కాబట్టి అప్డేట్ అంటే భయపడేవాళ్లను చాదస్తం కింద కొట్టిపారేయకండి. భయపడటం తప్పు కాదు, ఆ భయంతో అన్నీ ఆపేయడం మాత్రం ప్రమాదం.

2. టైము మీరు పెట్టండి, దాన్ని పెట్టనీయకండి

స్టోన్‌హౌస్‌పేటలో ఒక హోల్‌సేల్ బియ్యం కొట్టు. పొద్దున పదకొండు. బయట లారీ లోడై నిలబడి ఉంది, బిల్లు చేతికొస్తే డ్రైవర్ బండి తీస్తాడు. గుమస్తా కస్టమర్ పేరు కొట్టేలోపు కంప్యూటర్ రీస్టార్ట్ అయింది. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతా ఉన్నాయి, కింద '27 శాతం, కంప్యూటర్ ఆఫ్ చేయకండి' అని. ఓనరు బయటికీ లోపలికీ తిరుగుతా ఉన్నాడు. డ్రైవర్ రెండో టీ తాగేశాడు. ఆఖరికి బిల్లు పుస్తకం వెతికి చేత్తో రాసిచ్చి పంపించారు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, మన కొట్లలో రాత్రి షట్టర్ దించేటప్పుడు బోర్డు మీద స్విచ్ కూడా కట్టేస్తారు. విండోస్ అప్డేట్లను రాత్రి, ఎవరూ పని చేయని టైములో వేసుకోవాలని చూస్తుంది. ఆ టైములో కరెంటే లేకపోతే పాపం ఎప్పుడు వేసుకుంటుంది? వాయిదా పడీ పడీ ఒకరోజు పట్టపగలు, సరిగ్గా గిరాకీ మీద పడుతుంది.

దీనికి మందు చాలా తేలిక. మైక్రోసాఫ్ట్ నెలవారీ రిపేర్లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి. అమెరికా పడమటి తీరంలో పొద్దున పది అంటే మనకు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. అంటే మన కంప్యూటర్లకు అది బుధవారం నుంచి తగులుతుంది. క్యాలెండర్‌లో నెలనెలా రెండో మంగళవారానికి సున్నా చుట్టి పెట్టుకోండి. ఆ తర్వాత వచ్చే సెలవు రోజుకు ముందు రాత్రి, కొట్టు కట్టే టైములో, స్టార్ట్ మెనూలో 'అప్డేట్ అండ్ షట్ డౌన్' నొక్కండి. అది పూర్తయి దానంతటదే ఆరిపోయే దాకా స్విచ్ కట్టకండి. నెలకు ఒక్క రాత్రి పని.

దీంతో పాటు ఇంకో సెట్టింగ్ కూడా పెట్టుకోండి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్డేట్, దాంట్లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, దాంట్లో యాక్టివ్ అవర్స్. మీరు కొట్టు తెరిచే టైము, మూసే టైము అక్కడ ఇవ్వండి. 18 గంటల దాకా పెట్టుకోవచ్చు. ఆ గంటల్లో దానంతటది రీస్టార్ట్ అవ్వదు. సంక్రాంతి సీజనో, ఆడిట్ నెలో వచ్చి అసలు తీరికే లేదనుకుంటే విండోస్ అప్డేట్ పేజీలో 'పాజ్ అప్డేట్స్' ఉంది, అయిదు వారాల దాకా ఆపుకోవచ్చు. ఆపితే ఆపారు గానీ, తర్వాత మర్చిపోకండి.

కరెంటు సంగతి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో వాయుగుండం కబురు లేని వారం తక్కువ. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు నెల్లూరును ఎలా ముంచిందో గుర్తుండే ఉంటుంది. అలాంటి వారంలో యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో అప్డేట్ మొదలుపెట్టకండి. మధ్యలో కరెంటు పోతే చాలాసార్లు విండోస్ తనంతట తానే పాత స్థితికి వెనక్కి వెళ్తుంది, కాకపోతే చాలాసేపు తీసుకుంటుంది. కంగారుపడి మళ్లీ మళ్లీ స్విచ్ వేసి ఆపితే మాత్రం నిజంగానే పాడవుతుంది. బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు నడిచే సాఫ్ట్‌వేర్) అప్డేట్ అని వస్తే ఇంకా జాగ్రత్త. అది జరిగేటప్పుడు కరెంటు పోతే మదర్‌బోర్డే పనికిరాకుండా పోవచ్చు. యూపీఎస్ ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

3. ఫోనులో డేటా మిగుల్చుకోండి

రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్యాకుతో బతికేవాళ్లకు అప్డేట్ అంటే డేటా దొంగే. ప్లే స్టోర్ తెరిచి, పైన మీ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ప్రిఫరెన్సెస్‌కు వెళ్లండి. ఆటో అప్డేట్ యాప్స్ దగ్గర 'వైఫై మీద మాత్రమే' పెట్టండి.

ఇక్కడ చాలామంది ఒకచోట దెబ్బ తింటారు. తమ్ముడి ఫోను నుంచి హాట్‌స్పాట్ తీసుకుంటే మీ ఫోను దాన్ని కూడా వైఫై అనే అనుకోవచ్చు. వాట్సాప్ చూసుకోవడానికి కనెక్ట్ అయితే, వెనకాల యాప్‌లన్నీ అప్డేట్ అయిపోయి వాడి డేటా మధ్యాహ్నానికే ఖాళీ అవుతుంది. ఆ వైఫై పేరు పక్కనున్న గుర్తు నొక్కి, దాన్ని 'మీటర్డ్' అని పెట్టండి. అప్పుడు ఆగుతుంది.

ఇంట్లో వైఫై లేనివాళ్లు రాత్రి పది దాటాక ఆ రోజు మిగిలిన డేటా చూసుకుని ఒక్కో యాప్‌నే అప్డేట్ చేసుకోండి. పన్నెండు దాటితే మిగిలింది ఎలాగూ పోయేదే. ముందు బ్యాంకు యాప్, తర్వాత యూపీఐ యాప్, వాట్సాప్, క్రోమ్. ఈ నాలుగూ ముఖ్యం. ఆటలు, ఫొటో ఫిల్టర్లు ఎప్పుడైనా చేసుకోవచ్చు.

బ్యాంకు, యూపీఐ యాప్‌లను ముందు పెట్టడానికి కారణం ఉంది. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లోనో, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువు గట్టు మీదో నిలబడి డబ్బులు పంపబోతే 'అప్డేట్ చేస్తేనే తెరుచుకుంటాను' అని మొండికేస్తాయి. అక్కడ సిగ్నల్ ఒక్క గీత. ఎదుటి మనిషి మొహం చూస్తా నిలబడాలి. సరుకు కొనే రోజుకు ముందు రాత్రే వాటిని తెరిచి చూసుకోండి. రెండో యూపీఐ యాప్ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. కొంచెం నగదు కూడా.

4. వేసే ముందు

బ్యాటరీ సగం పైన ఉండాలి. ఖాళీ స్థలం అప్డేట్ సైజుకు రెండింతలైనా ఉంటే మంచిది. స్థలం చాలకపోతే వాట్సాప్‌లో వచ్చిన గుడ్ మార్నింగ్ వీడియోలతో మొదలుపెట్టండి. ఫొటోలు, చాట్ బ్యాకప్ ఎప్పుడు జరిగిందో ఆ తేదీ చూసి, పాతదైతే ఇప్పుడే తీసుకోండి.

5. రూపం మారిపోతే

అసలు గోల అంతా ఇక్కడే. 2025 ఆగస్టులో చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ ఫోన్ యాప్ ఉన్నట్టుండి మారిపోయింది. కాల్ వస్తే తెర కొత్తగా ఉంది, బటన్లు పెద్దవయ్యాయి, కాంటాక్ట్స్ ఉండాల్సిన చోట లేవు. దేశమంతా అదే మాట: "నేనేం నొక్కలేదు, ఇది ఎట్టా మారింది?" ఫోను హ్యాక్ అయిందని భయపడినవాళ్లూ ఉన్నారు. మీరేం తప్పు చేయలేదు. సిస్టమ్ అప్డేట్ కాకుండా ఒక్క యాప్ అప్డేట్ అవ్వడం వల్ల జరిగిందది.

ముందు ఆ యాప్ సెట్టింగ్స్‌లోనే వెతకండి. ఇదే ఫోన్ యాప్‌లో 'ఇన్‌కమింగ్ కాల్ జెస్చర్' అని ఉంటుంది. దాంట్లో 'సింగిల్ ట్యాప్' పెడితే కాల్ ఎత్తడానికి పక్కకు జరపక్కర్లేదు, ఎత్తే బటన్, పెట్టేసే బటన్ విడివిడిగా కనిపిస్తాయి. పెద్దవాళ్లకు ఇదే మేలు.

అయినా పాతదే కావాలనుకుంటే, ఆ యాప్ బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుని యాప్ ఇన్ఫో తెరవండి. పై మూలలో మూడు చుక్కలు నొక్కితే 'అన్‌ఇన్‌స్టాల్ అప్డేట్స్' వస్తుంది. ఫోనుతో పాటే వచ్చిన యాప్‌లకు ఇది పని చేస్తుంది. మళ్లీ తనంతట తాను మారకుండా ప్లే స్టోర్‌లో అదే యాప్ పేజీకి వెళ్లి మూడు చుక్కల్లో 'ఎనేబుల్ ఆటో అప్డేట్' టిక్ తీసేయండి. కానీ ఇది కొన్నాళ్లకే. పాత వెర్షన్‌లో రిపేర్లు ఉండవు. బ్యాంకు యాప్‌లకు మాత్రం ఈ పద్ధతి అస్సలు వద్దు.

కంప్యూటర్లో అయితే విండోస్ అప్డేట్ పేజీలో అప్డేట్ హిస్టరీ ఉంటుంది, అక్కడి నుంచి తేడా చేసిన ప్యాచ్‌ను తీసేయొచ్చు. పెద్ద వెర్షన్ మారితే సాధారణంగా 10 రోజుల లోపల రికవరీ పేజీలో 'గో బ్యాక్' పని చేస్తుంది. తర్వాత కుదరదు. ఫోనులో ఆండ్రాయిడ్ వెర్షన్‌కు మాత్రం ఇలా వెనక్కి రావడం మామూలు మనిషి చేతిలో లేదు.

పెద్ద అప్డేట్ అయ్యాక ఒకటి రెండు రోజులు ఫోను వేడెక్కడం, చార్జింగ్ త్వరగా దిగడం సహజం. లోపల యాప్‌లన్నీ సర్దుకుంటుంటాయి. వారం దాటినా అలాగే ఉంటే అప్పుడు అనుమానించండి. 'అప్డేట్ ఇచ్చి కావాలనే స్లో చేస్తారు' అని జనం అనేది కూడా ఊరికే పుట్టిన మాట కాదు. బ్యాటరీ అరిగిపోయిన పాత ఐఫోన్లను అప్డేట్‌తో నెమ్మదింపజేశామని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. ఉన్నట్టుండి ఆరిపోకుండా అలా చేశామంది. ముందే చెప్పి ఉంటే జనం అంత మండిపడేవాళ్లు కాదు. బ్యాటరీ మార్పిస్తే ఆ ఫోన్లు మళ్లీ వేగం అందుకున్నాయి. కాబట్టి పాత ఫోను స్లో అయితే కొత్తది కొనే ముందు బ్యాటరీ సంగతి చూపించండి.

ఇంట్లో పెద్దవాళ్ల ఫోను అప్డేట్ చేస్తే, అది అయ్యాక పది నిమిషాలు వాళ్ల పక్కన కూర్చోండి. మీ అవ్వో, నాయనో వాడేది నాలుగు బొమ్మలే. అవి పాత చోటే ఉన్నాయా, అక్షరాల సైజు మారిందా, రింగు మారిందా చూడండి. వాళ్ల చేత ఒకసారి కాల్ ఎత్తించండి, ఒకసారి చేయించండి. "మళ్లీ నేర్చుకోవాలా?" అని వాళ్లు విసుక్కుంటే ఆ విసుగులో అర్థముంది. అలవాటైన చేతికి దారి తప్పించారు కదా.

6. లెక్కల సాఫ్ట్‌వేర్

ట్యాలీ గానీ ఇంకే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గానీ, అప్డేట్‌కు ముందు డేటా బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో తీసుకోనిదే చేయి పెట్టకండి. కొత్త వెర్షన్‌లో ఒకసారి తెరిచిన డేటాను పాత వెర్షన్ తెరవలేకపోవచ్చు. నెలాఖరులో, రిటర్నులు వేసే రోజుల్లో వద్దు.

కొన్నిటికి మాత్రం ఆగే వీలు లేదు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. గ్రానైట్ బ్లాకుల మీద 12 శాతం 5 అయింది. చీమకుర్తిలో ఆ పొద్దున పాత రేటుతో బిల్లు కొడితే తప్పే. అలాంటి తేదీ వస్తుందని పేపర్లో చదివిన రోజే మీ సాఫ్ట్‌వేర్ అతనికి ఫోన్ చేయండి. ఆ రోజు వచ్చాక అందరూ చేస్తారు, లైన్ దొరకదు.

7. దొంగ అప్డేట్లు

వాట్సాప్‌లోనో, మెసేజ్‌లోనో అప్డేట్ వచ్చిందంటే అది అప్డేట్ కాదు. 'మీ బ్యాంకు యాప్ ఈ రాత్రితో ఆగిపోతుంది, ఇది వేసుకోండి' అంటారు. వాహనం చలానా అంటారు, పీఎం కిసాన్ అంటారు, పెళ్లి శుభలేఖ అని కూడా పంపుతారు. ఫైలు పేరు చివర ఏపీకే (.apk) అని ఉంటుంది. తెలిసిన నంబరు నుంచే వచ్చినా తెరవకండి, ముందు వాళ్ల ఫోనే దొంగల చేతికి చిక్కి ఉండొచ్చు. యాప్ అప్డేట్ ప్లే స్టోర్‌లో, ఫోను అప్డేట్ సెట్టింగ్స్‌లో. మూడో దారి లేదు. పొరపాటున వేసుకుంటే వెంటనే నెట్ ఆపి, ఇంకో ఫోను నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

8. అప్డేట్లు రావడమే ఆగిపోతే

విండోస్ 10కు ఉచిత రిపేర్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. ఇళ్లలో వాడే కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 దాకా అదనపు గడువుకు పేరు నమోదు చేసుకునే వీలు మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. విండోస్ అప్డేట్ పేజీలో ఆ ఆప్షన్ కనిపిస్తే వాడుకోండి. కంప్యూటర్ విండోస్ 11కు పనికిరాదంటే ఈ గడువులోనే ఏం చేయాలో తేల్చుకోండి. లెక్కలు, బ్యాంకు పనులు ఉన్న కంప్యూటర్‌ను రిపేర్లు లేకుండా నెట్‌కు తగిలించి ఉంచడం వద్దు.

ట్రంక్ రోడ్డులో కొత్త ఫోను కొనేటప్పుడు కెమెరా ఎంత అని అడిగినట్టే, సెక్యూరిటీ అప్డేట్లు ఎన్నేళ్లు ఇస్తారని కూడా అడగండి. గూగుల్ పిక్సెల్ 8కూ, శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ 24కూ ఏడేళ్లని మాటిచ్చారు. తక్కువ ధర ఫోన్లకు అన్నేళ్లు రావు. మోడల్ పాతదైతే ఆ ఏళ్లలో కొన్ని ఇప్పటికే అయిపోయి ఉంటాయి, విడుదలైన తేదీ నుంచి లెక్క వేసుకోండి.

9. నచ్చకపోతే చెప్పండి

మనం చెప్తే వింటారా అనుకోవద్దు. 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్ తీసేస్తే జనం ఊరుకోలేదు, మరుసటి ఏడాది 8.1లో బటన్ తిరిగొచ్చింది. అప్డేట్లను పాజ్ చేసుకునే వీలు విండోస్ 10 హోమ్ వాడేవాళ్లకు 2019లో ఇచ్చారు. అదీ చాలా ఏళ్ల ఫిర్యాదుల తర్వాతే.

ప్లే స్టోర్‌లో ఒక్క స్టార్ ఇచ్చి 'చెత్త' అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. మీ ఫోను మోడల్, యాప్ వెర్షన్, ఏ తేదీన మారింది, ఇంతకు ముందు ఏ పని ఎన్ని నొక్కుళ్లలో అయ్యేది, ఇప్పుడు ఎన్ని పడుతోంది, ఇవి రాయండి. తెలుగులోనే రాయండి. తెర ఫొటో తీసి యాప్ లోపలున్న 'సెండ్ ఫీడ్‌బ్యాక్'లో కూడా పంపండి. ఫొటోలో మీ ఖాతా నంబరు, ఫోన్ నంబరు కనిపిస్తుంటే చెరిపేసి పంపండి.